నాలుగో ప్లాను

ఆర్కిటెక్చర్ కాలేజీలో మొదటి నెలంతా మాచేత గీతలు గీయించారు. ఇళ్ళు కాదు, గుళ్ళు కాదు, ఒట్టి గీతలు. అడ్డగీతలు ఒక షీటు, నిలువువి ఒక షీటు, ఏటవాలువి ఇంకో షీటు. గీతకీ గీతకీ మధ్య ఎడం మారితే షీటు చింపి మళ్ళీ మొదలు. జలంత్రకోట నుంచి ఇల్లు గీయడం నేర్చుకుందామని విశాఖపట్నం వెళ్ళినదాన్ని, మొదటి సెలవులకి ఊరొచ్చేసరికి నా సంచిలో ఉన్న చదువంతా అదే. సన్యాసి మావయ్య ఆ షీట్లు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, నెల్లాళ్ళూ ఇదేనా అని అడిగాడు. అవునన్నాను.

"మీ సారుకి గీత మీద బలే పట్టుదల ఉన్నాది" అన్నాడు. నవ్వలేదు. నవ్వకుండా వెక్కిరించడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

సన్యాసి మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఆయనకి పిల్లల్లేరు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడే కాబట్టి నేను ఏ ఇంట్లో పెరిగానో చెప్పడం కష్టం. ఇంటరు అయ్యాక నన్ను నర్సింగులో చేర్చమని ఊరంతా సలహా ఇచ్చింది. మా ఉద్దానంలో నర్సుకి పని లేకపోవడమంటూ ఉండదు, వీధికి నలుగురు కిడ్నీ రోగులున్నారు. మావయ్య ఒక్కడే అడ్డం పడి, అదేదో ఇల్లు గీసే చదువట, చదవనివ్వండి అన్నాడు. ఆర్కిటెక్చర్ అనే మాట ఆయనకి చివరిదాకా నోరు తిరగలేదు. అయినా కొబ్బరికాయల లారీ డ్రైవరుతో సహా కనిపించినవాళ్ళందరికీ, తన ఇల్లు తన మేనకోడలు యామినే గీస్తుందని చెప్పుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఆయన భార్య ఎర్రమ్మ అత్త దెప్పేది.

గీతలయ్యాక అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత అట్టముక్కల్తో ఘనాలు చేయించారు. మొదటి ఏడాది చివర్లో తొలి డిజైను ఇచ్చారు: ఒక మనిషి కూర్చుని పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు. అంతే. దానికి నేను పెట్టిన హంగులు అన్నీ ఇన్నీ కావు. మెట్లు, వంపు గోడ, పైన కన్నం, కన్నంలోంచి ఎండ. మాకు స్టూడియో చెప్పే ఉదయశంకర్ సారు నా నమూనా చుట్టూ ఒకసారి తిరిగి, ఇందులో కూర్చునే మనిషి ఎవరని అడిగారు. మా పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంటుంది, అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, చేతులు చాపి నిలబడి. ఆయనే అన్నాను. అయితే ఆ పుస్తకంలో మనిషికే మార్కులు వేస్తానన్నారు సారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు చాలాకాలం అరగలేదు. ఇప్పుడు చెబుతున్నదంతా ఆ నవ్వు దగ్గరే మొదలయిందేమో అనిపిస్తుంది.

ఆ వేసవిలోనే మావయ్యకి డయాలసిస్ మొదలయింది. రెండేళ్ళుగా రక్తంలో క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది. మా ఊళ్ళో ఆ మాట బడికెళ్ళని ముసలమ్మలకి కూడా తెలుసు. నీది ఎంత, నాది ఇంత అని చెప్పుకుంటారు. మావయ్యది ఇక మందులకి లొంగని చోటికి చేరింది. వారానికి మూడు రోజులు ఆటోలో గంట వెళ్ళాలి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి, మళ్ళీ గంట రావాలి. వచ్చినరోజు ఆయన మంచం దిగేవాడు కాదు. మర్నాడు కాస్త తోటవైపు నడిచేవాడు. ఆ పై రోజు మళ్ళీ ఆటో.

డాక్టరమ్మ ఇంకో దారి ఉందని చెప్పింది. పొట్టకి చిన్న గొట్టం వేస్తారు. మందునీళ్ళ సంచి కొక్కేనికి తగిలించి, రోజుకి నాలుగుసార్లు ఇంట్లోనే ఎవరికి వాళ్ళు ఎక్కించుకుని దింపుకోవచ్చు. ఆటో అక్కర్లేదు. మావయ్య ఒళ్ళు ఈ ప్రయాణాలకి తట్టుకునేలా లేదు కాబట్టి ఇదే మంచిదని కూడా ఆవిడే అంది. అయితే దుమ్ము తగిలితే పొట్టలో చీము పడుతుంది కాబట్టి విడిగా ఒక గది ఉండాలి. గచ్చు, పూత వేసిన గోడలు, గట్టిగా మూసుకునే తలుపు, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి. గది కట్టుకున్నాక రండి, గొట్టం వేస్తాం అని పంపేసింది.

మావయ్యది పెంకుటిల్లు. వసారా నిండా ఎండబెట్టిన జీడిపిక్కలు, వెనక మేకలు, పైనుంచి రాలే మట్టి. అందులో శుభ్రమైన మూల అంటూ లేదు. కాబట్టి ఇంటి పక్కన, పాత పశువుల సాల కూలిపోయిన జాగాలో కొత్తగా ఒక గది లేపాలి. ఇటుకలు, ఇసక, సిమెంటు వారంలో దింపించేశారు. తాపీమేస్త్రి అప్పలసూరి తాత మా ఊళ్ళో సగం ఇళ్ళు కాగితం ముక్క లేకుండా కట్టినవాడు. ఆయన వచ్చి జాగా అడుగులతో కొలుచుకుని, ముగ్గు పోసేస్తాను, నెలలో తాళం చేతికిస్తానన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. ఇంట్లో ఇంజనీరుని పెట్టుకుని నీ అడుగులతో కట్టించుకుంటానా అన్నాడట. దసరా సెలవులకి నేను వచ్చేదాకా ఇటుకలు అలాగే ఉన్నాయి.

నేను టేపు పట్టుకుని దిగాను. పుస్తకంలో మనిషిని ఈసారి పుస్తకంలోనే వదిలి, ఉన్న మనిషిని కొలవాలని నా పంతం. మావయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. టేపు తలదగ్గర పెట్టబోతే అత్త కెవ్వుమంది, పడుకున్న మనిషికి కొలత పెట్టేది పాడె కట్టేవాళ్ళేనట. నేను మూఢనమ్మకమని ఏదో అనబోయాను. మావయ్య నన్నూ అననివ్వలేదు, అత్తనీ అననివ్వలేదు, లేచి గోడకి చేరబడి కూర్చుని చేతులు చాపాడు. ఎడమచెయ్యి మిషను కోసం ఆపరేషన్ చేసినది. అక్కడ నరం ఉబ్బి, వేలు పెడితే లోపల గుర్రుమని కదులుతుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు. అంటే సంచి కుడిచేత్తోనే తగిలించుకోవాలి, కొక్కెం కుడివైపే ఉండాలి. ఎంత ఎత్తయితే భుజం నొప్పెట్టదో మూడుసార్లు ఎత్తించి చూసి రాసుకున్నాను. ఆయన ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. నా చదువులో నేను సరిగ్గా చేసిన పని ఇప్పటికీ అదే అనుకుంటాను.

రెండు రోజుల్లో మొదటి ప్లాను గీశాను. పది అడుగులు వెడల్పు, పన్నెండు పొడవు. వసారాలోంచి తలుపు, రెండు కిటికీలు, మంచం, కొక్కెం, కుళాయి. అందులో తప్పులున్నాయి. అయినా అది గదే. మార్గశిరంలో మంచిరోజు చూసుకుని పునాది తీద్దామని సూరి తాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మూడో సెమిస్టరులో మాకు వాతావరణ పాఠం మొదలయింది. గాలి ఎటునుంచి వస్తుంది, ఎండ ఏ నెలలో ఏ గోడని కాలుస్తుంది, ఉప్పుగాలికి ఏది తుప్పు పడుతుంది. నాకు ఆ పాఠం పిచ్చిగా నచ్చింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో తిరిగిన గాలికి లెక్క ఉందని తెలిసి సంబరపడి, సారుకి మావయ్య గది ప్లాను చూపించాను. ఆయన కిటికీ మీద పెన్సిలు పెట్టి ఇది ఎటు చూస్తోందని అడిగారు. పడమరకి అన్నాను. అక్కడ ఏముందన్నారు. మేకల దొడ్డి అన్నాను. పక్క బల్లవాళ్ళు మళ్ళీ నవ్వారు.

ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసి ఆపించాను. రెండో ప్లానుకి నెలన్నర పట్టింది. ఈసారి పడమటి కిటికీ తీసేశాను, ఉత్తరాన ఎత్తులో చిన్నవి పెట్టాను, ముందు చేతులు కడుక్కునే చిన్న వసారా కలిపాను. మార్గశిరం వెళ్ళిపోయింది. అది నాకు పెద్ద విషయంగా తోచలేదు. ఫోనులో మావయ్య గొంతు నీరసంగా ఉండేది, ఆటో దిగి వచ్చిన రోజు కాబట్టి అనుకునేదాన్ని. ఆయన ఏ రోజుకారోజు దిగజారుతున్నాడని అత్త అమ్మతో చెప్పేది, అమ్మ నాతో చెప్పేది, నేను ప్లానులో గోడ మందం మార్చేదాన్ని.

రెండో ప్లానుకి తోటలోని ఒక కొబ్బరిచెట్టు అడ్డొచ్చింది. చెట్టు కొట్టకుండా మొత్తం గదిని ఒక పక్కకి తిప్పేస్తే ఎలా ఉంటుందని తట్టింది. గోడలు ఇంటితో కలవకుండా ఏటవాలుగా వచ్చాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అది మూడో ప్లాను, సంక్రాంతికి ఊరు తెచ్చాను. సూరి తాత ఆ కాగితాన్ని నాలుగువైపులా తిప్పాడు. పైకెత్తి చూశాడు, నేలమీద పరిచి చూశాడు.

"ఈశాన్యం ఎటెల్లిపోనాది పాపా?" అన్నాడు చివరికి.

మా వైపు ఇల్లు దిక్కుకి నిలబడాలి. మూలకి తిరిగిన గదిలో పుష్టిగా ఉన్నవాడే ఉండడు, రోగిని ఎలా పడుకోబెడతారని ఆయన బాధ. నాకు ఒళ్ళు మండింది, వాస్తు అనేసరికి మా కాలేజీలో ఎవరికైనా మండాలి కాబట్టి. మావయ్య మాత్రం ఆ కాగితం చాలాసేపు చూసి, చెట్టు ఒగ్గేసినావు, మంచి పని చేశావని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, మీ అత్త ఈ గదిలోకి నన్ను రానివ్వదేమో అన్నాడు. ఆ మాటకి నేను లొంగి, అదే ప్లానులో గదిని చెట్టుకి ఇవతలగా జరిపి మళ్ళీ దిక్కుకి తిప్పాను. పునాదికి ఫాల్గుణంలో ఒక గురువారం ముహూర్తం పెట్టారు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఈ గొడవంతా మావయ్య సుఖం కోసమని నేను అందరితో అన్నాను, నాతో నేను కూడా అనుకున్నాను. కాదు. ఆయనకి కావలసింది దుమ్ము రాని నాలుగు గోడలు. సంచి ఎక్కించుకున్నంతసేపూ కిటికీలు మూసెయ్యమనీ, ఫ్యాను ఆపెయ్యమనీ డాక్టరమ్మ ముందే చెప్పింది; నేను లెక్కలు కట్టిన గాలి ఆ గదిలోకి రావలసిన అవసరమే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గాలికోసం నెలన్నర తిన్నాను. ఎందుకంటే అది నేను కట్టబోయే మొదటి గది. రేపు ఎవరైనా నీ తొలి కట్టడం ఏదని అడిగితే చూపించాల్సింది అదే. అందులో మేకలవైపు కిటికీ ఉండకూడదు. పక్క బల్లవాళ్ళు నవ్వకూడదు.

నాలుగో సెమిస్టరులో చిన్న నివాసం ఒకటి డిజైను చెయ్యమంటే నేను మావయ్య గదినే స్టూడియోలో పెట్టాను. అప్పటికి నా చెయ్యి తిరిగింది. గీత వణకదు. కంప్యూటర్లో గది లోపలికి ఎండ ఎలా పడుతుందో గంటగంటకీ చూపించగలను. అందరూ వచ్చి చూసేవారు. పునాది ముహూర్తానికి ముందురోజు, బుధవారం మధ్యాహ్నం, ఉదయశంకర్ సారు నా బల్ల దగ్గర ఆగారు. ఒక్క తప్పే కనిపించింది ఆయనకి. చేతులు కడుక్కునే కుళాయీ, వాడిన సంచిలో నీళ్ళు పారబోసే తూమూ ఒకేవైపు ఉన్నాయి. కడిగిన చేతులతో మళ్ళీ మురికి పక్కనుంచే రావాలి. ఇది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన తప్పు కాదమ్మా అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

నేను బయటికి వచ్చి ఊరికి ఫోన్ చేశాను. సూరి తాత అప్పటికే ముగ్గు పోసి ఉన్నాడట. గంపలు, పారలు వచ్చేశాయి. మర్నాడు తెల్లారితే కొబ్బరికాయ కొట్టడమే.

"మావయ్యా, ఒక్క పదిరోజులాగండి. కుళాయి చోటు తప్పొచ్చింది, మొత్తం మార్చి పంపుతాను" అన్నాను.

"అలగేలే అమ్మీ" అన్నాడు. మీకు ఇబ్బంది లేదు కదా అని కూడా నేను అడగలేదు. కుళాయిని ఆ గోడ మీంచి ఈ గోడ మీదకి మార్చడానికి ప్లాను అక్కర్లేదు. ఫోన్లో ఒక్క ముక్క చెబితే సూరి తాత నవ్వుతూ మార్చేవాడు. పునాదికీ కుళాయికీ సంబంధమే లేదు. ఇవన్నీ నాకు ఎప్పుడు తట్టాయో అడక్కండి. చేతులు కాలాక తట్టాయి.

పదిరోజులన్నదాన్ని పద్దెనిమిది రోజులకి నాలుగో ప్లాను పంపాను. అప్పటికి ఫాల్గుణం చివరికొచ్చింది, నేను ఆపించిన గురువారమే ఆ నెలకి ఆఖరి ముహూర్తమట. చైత్రంలో పునాది తియ్యరట. చైత్రం పోకముందే మూఢం పడుతుందట. ఆ మూఢం ఆషాఢంలోకి దిగుతుందట. మళ్ళీ మంచిరోజంటే శ్రావణమేనని పురోహితుడు చెప్పేశాడు. నా క్యాలెండరులో షీట్లు ఇవ్వాల్సిన తేదీలు ఉండేవి, జ్యూరీలు ఉండేవి, మూఢాలు ఉండేవి కావు. నాలుగు నెలలకి పైనే. ఒక్క గదికి ముహూర్తమేమిటి, మొదలుపెట్టేయండని ఫోనులో కేకలేశాను. అత్త ఫోన్ తీసుకుంది.

"ఒళ్ళు బాగున్నోళ్ళు సెడ్డరోజున కట్టుకున్నా సెల్లిపోద్ది. ఇతగాడికి ఆ దైర్యం నాను సెయ్యలేను, యామినీ."

ఆవిణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. మార్గశిరం ఆవిడ పోగొట్టలేదు, ఫాల్గుణం ఆవిడ పోగొట్టలేదు.

ఎండాకాలమంతా ఆటోలోనే గడిచింది. నేను ఊరు వెళ్ళినప్పుడు ఒకరోజు ఆయనతో వెళ్ళాను. జీడితోటల మధ్య గతుకుల రోడ్డు, ఆటో ఎగిరినప్పుడల్లా ఆయన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని పొట్టకి అదుముకునేవాడు. దారిలో నన్ను చదువు గురించే అడిగాడు. ఇప్పుడేం గీయిస్తున్నారు, సారు ఏమంటున్నారు. నేను ఊరంతా ఒక్కో ఇల్లూ గీయాలనుకుంటున్నానని, వరసగా ఒకే కప్పు కింద ఉన్న పాత ఇళ్ళ కొలతలు తీస్తానని చెప్పాను. తియ్యమన్నాడు. వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఆయన తల ఎంత తేలిగ్గా ఉందో!

జూన్‌లో జ్యూరీ అయింది. బయటినుంచి ఇద్దరు ఆర్కిటెక్టులు వచ్చారు. మావయ్య గది నాలుగో ప్లాను, నమూనాతో సహా, గోడకి తగిలించాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఉదయశంకర్ సారు అందరి ముందూ, ఇది కట్టొచ్చు అన్నారు. ఎవరూ నవ్వలేదు. బయటికి పరుగెత్తి మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఆనందపడ్డాడు. అయితే శ్రావణం రాగానే ముగ్గు పోయించేద్దామన్నాడు. ఆ మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. నేను విన్నాను. విని కూడా మార్కులు ఎన్నొచ్చాయో చెప్పాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. శనివారం మిషనుకి వెళ్ళాల్సిన రోజు ఆయనకి జ్వరం తగిలింది. ఆ వానలో ఆటో ఎక్కలేనని, సోమవారం వెళ్దామని అన్నాడు. ఆదివారం పొద్దున్నకి కాళ్ళు, మొహం ఉబ్బి ఊపిరి ఆడలేదు. అప్పుడు ఆటో పిలిచారు. ఆటో మెయిన్ రోడ్డు ఎక్కకముందే అత్త ఒళ్ళో ప్రాణం పోయింది. నేను హాస్టల్లో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ నమూనా ఇంకా నా మంచం పక్కనే ఉంది.

మా వైపు సొంత తోట ఉన్నవాళ్ళు మనిషిని తోటలోనే దాచుకుంటారు. మావయ్యని కొబ్బరిచెట్ల మధ్య ఉంచారు. దినవారాలయ్యాక, వాన తెరిపిచ్చిన రోజున, సమాధి మీద చిన్న గట్టు కట్టమని అత్త సూరి తాతని పిలిపించింది. గదికోసం తెచ్చిన ఇటుకలు పది నెలలుగా సాల జాగాలోనే నాచు పట్టి ఉన్నాయి. ఇసకలో గడ్డి మొలిచింది. ఎవరూ పురోహితుణ్ణి అడగలేదు. అది ఆషాఢమే. ఆ కట్టడానికి ఆషాఢం అడ్డం రాదు.

సూరి తాత కొలతలేమిటని నన్నే అడిగాడు. నేను టేపు తియ్యలేదు. ఆయనే నాలుగు అడుగులు వేసుకుని, పుల్లలు పాతి, దారం కట్టుకున్నాడు. నేను ఇటుకలు నాచు గీకి అందిస్తూ కూర్చున్నాను. మూడో వరస మీద ఉండగా, ఏమీ తోచక, నేను ఆపమనకపోయి ఉంటే ఈపాటికి గది అయిపోయేది కదా తాతా అన్నాను. కాదులే అంటాడని ఆశ. సూరి తాత అలాంటివాడు కాడు. తాపీ ఆపి నా మొహంలోకి చూశాడు.

"ముగ్గు పోసిన్నాడు నాను మీ మావతోటి సెప్పినాను. కుళాయి నాను జరిపెత్తాను, దానికి కాయితం ఏటి, ముహూర్తం దాటనీకు, మళ్ళీ శ్రావణం దాకా దొరకదూ అని. ఇన్నాడు కాదు. 'నాకు తెల్దేటి మావా, నాకు ఏ గదయినా ఒకటే. మన యామిని గుంటకిది తొలి ఇల్లు. తొలిదే తప్పుగా కట్టీసినామంటే దానికి బతుకంతా సెయ్యి వొణుకుద్ది. దాని కాయితం రానీ' అన్నాడు."

ఇటుక నా చేతిలో ఉంది. శ్రావణం దాకా ముహూర్తం లేదని ఆయనకి ఆ బుధవారమే తెలుసు. తెలిసే అలగేలే అమ్మీ అన్నాడు. ఇన్ని రోజులూ నేను, పాపం చదువుకున్న పిల్ల మాట కాదనలేక ఆగాడని, తెలియక ఆగాడని అనుకుంటూ కొంత ఊరట పడుతున్నాను. ఆ ఊరట కూడా పోయింది. అది నా మొదటి కట్టడమని నేననుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నాడు. మా ఇద్దరిలో ఒక్కరైనా అది సన్యాసి గది అనుకుని ఉంటే ఫాల్గుణంలో పునాది పడేది. నాకు గట్టిగా ఏడుపొచ్చింది, అత్త వింటుందని కూడా చూసుకోలేదు. సూరి తాత ఓదార్చలేదు. ఇటుక అందుకోవడానికి చెయ్యి చాపాడు. ఇచ్చాను.

సాయంత్రానికి పూత కూడా అయిపోయింది. తాత తాపీ కడుక్కుని, చదువుకున్నదానివి, ఒకసారి చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పు, పచ్చిగా ఉన్నప్పుడే సర్దుతానన్నాడు. చుట్టూ తిరిగి చూశాను. తూర్పువైపు మూల అర అంగుళం దిగి ఉంది. టేపు పెట్టకుండానే కనిపించింది, రెండేళ్ళలో నా కన్ను అంత తయారైంది.

"బాగుంది తాతా, ఇంకేం ముట్టుకోకు" అన్నాను.